బావూ, పేరు రాయించుకున్నావా?



ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మీరు ఎక్కడ కూర్చుని వింటున్నా సరే, మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఒకరు విదేశంలో ఉండే ఉంటారు. కువైట్‌లో వెల్డరుగా ఉన్న తమ్ముడు. సింగపూర్ షిప్‌యార్డులో ఫిట్టరుగా ఉన్న అల్లుడు. ఆస్ట్రేలియాలో చదువుకుని అక్కడే ఉద్యోగం చూసుకున్న అమ్మాయి. ఈ రోజు నేను మాట్లాడబోయేది వాళ్ళ గురించి. కానీ మాట్లాడేది మీతో. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలతో, అన్నదమ్ములతో, అప్పచెల్లెళ్ళతో. ఎందుకంటే వాళ్ళు ఎవరి మాట విన్నా వినకపోయినా, రాత్రి ఫోన్లో అమ్మ అడిగితే మాత్రం వింటారు.

నేను చెప్పేది ఒక్కటే మాట. పరాయి దేశంలో స్థిరనివాసం దొరికాక, అంటే మన పిల్లలు అనే పీఆర్ వచ్చాక, అక్కడున్న మన దేశపు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. 'నేను ఇక్కడున్నాను' అని చెప్పి ఉంచాలి. ఈ మాటే ఇవాళ రెండు మూడు సార్లు చెబుతాను. విసుక్కోకండి. రేడియోలో మాట జారిపోతే మళ్ళీ వెనక్కి తిప్పుకుని వినలేం కదా.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను.

మా నాయనమ్మ దగ్గర చేతిలో పట్టేంత లక్క పెట్టె ఒకటి ఉండేది. ఎర్రటి రంగు, మీద నల్లటి గీతల పువ్వులు. అందులో తమలపాకులు, వక్కలు పెట్టుకునేది. అది ఆవిడ అన్నగారు రంగం నుంచి తెచ్చింది. రంగం అంటే ఇప్పటి కుర్రాళ్ళకి తెలీకపోవచ్చు. రంగూన్‌ని మన పెద్దవాళ్ళు రంగం అనేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడెక్కి మనవాళ్ళు వేలకు వేలు రంగం వెళ్ళారు. రంగం రేవులో మూటలు మోశారు. బియ్యం మిల్లుల్లో పనిచేశారు. రిక్షాలు లాగారు. కరువొచ్చిన ఏడు కడుపు నింపింది రంగమే.

నాయనమ్మ అన్నగారు ఒకసారి వచ్చి, ఈ పెట్టె ఇచ్చి, మళ్ళీ ఓడెక్కారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కొండలూ అడవులూ దాటి, కాలినడకన వేలమంది అస్సాం వైపు వచ్చారు. దారిలోనే ఎంతోమంది పోయారు. ఆయన మాత్రం రాలేదు. పోయాడనీ కబురు లేదు, ఉన్నాడనీ కబురు లేదు. నాయనమ్మ మాత్రం పోస్టుమాన్ వీధిలో కనబడితే చాలు, 'రంగం ఉత్తరమేటైనా ఉందేటి బావూ' అని అడిగేది. నా చిన్నతనమంతా ఆ ప్రశ్న వింటూనే ఉన్నాను. పాపం, ఆ పోస్టుమానుని తప్ప ఎవరిని అడగాలో ఆవిడకి తెలీదు. అడగడానికి ఇంకొక చోటు ఉందని కూడా తెలీదు.

రంగంలో మిగిలిపోయినవాళ్ళ కథ అక్కడితో అయిపోలేదు. యుద్ధం అయ్యాక తిరిగి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. మా దేశపౌరులు కావాలనుకుంటే దరఖాస్తు పెట్టుకోండి అని అక్కడి ప్రభుత్వం అంది. ఇటు మన రాజ్యాంగం కూడా ఒక తలుపు తెరిచింది. 8వ అధికరణం అంటారు దాన్ని. విదేశంలో ఉంటున్న భారత సంతతివాడు, అక్కడున్న మన రాయబారి దగ్గరో, కాన్సులేటు దగ్గరో దరఖాస్తు పెట్టుకుని పేరు నమోదు చేయించుకుంటే భారత పౌరుడవుతాడు అని దాని సారం. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. కానీ మూటలు మోసేవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? చాలామంది అటూ రాయించుకోలేదు, ఇటూ రాయించుకోలేదు. పనుంది, కూలి వస్తోంది, కాగితంతో పనేముంది అనుకున్నారు.

1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలు ప్రభుత్వపరం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు. తరాల తరబడి బతికిన ఊరు ఒక్కసారి పరాయిదైపోయింది. లక్షలాదిమంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట పేరు మీరు వినే ఉంటారు. ఆ పేరు వెనక ఉన్న కథ ఇదే. కాగితం లేనివాడు రెండు దేశాలకీ మధ్య నిలబడిపోయాడు.

ఇంత పాత కథ ఎందుకు చెప్పానంటే, మన ప్రాంతానికి ఈ పాఠం కొత్త కాదని చెప్పడానికి. కూలి బాగా దొరికిన రోజున కాగితం గుర్తుకు రాదు. కాగితం గుర్తుకొచ్చేనాటికి రోజులు బాగుండవు.

ఇప్పటి సంగతికి వద్దాం.

నేను టెక్కలి దగ్గర బడిలో చాలా ఏళ్ళు మాస్టారుగా పనిచేశాను. ఉద్యోగం అయిపోయినా, ఫారాలు నింపించుకోడానికి ఇప్పటికీ మా అరుగు మీదకి వస్తూనే ఉంటారు. ఆ మధ్య ఒకాయన లడ్డూల పొట్లం పట్టుకుని వచ్చాడు. 'మాస్టారూ, మావాడికి సింగపూర్లో పీఆర్ వొచ్చీసింది. ఇంక మావోడు ఆ దేశపోడైపోనాడు' అన్నాడు. మొహం వెలిగిపోతోంది. నాకూ సంతోషమే. కానీ ఆ రెండో మాట తప్పు. అది ఆయనకి ఎలా చెప్పానో మీకూ అలాగే చెబుతాను.

పీఆర్ అంటే కౌలు. పౌరసత్వం అంటే పట్టా. కౌలు రాసిచ్చాక భూమి దున్నుకోవచ్చు, పంట ఇంటికి తెచ్చుకోవచ్చు. కానీ పాసుపుస్తకంలో పేరు మాత్రం మీది కాదు. పీఆర్ అంతే. అక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, పిల్లల్ని చదివించుకోవచ్చు. సింగపూర్‌లో పీఆర్ ఉన్నవాడికి అక్కడ ఓటు లేదు. ఆ దేశం పాస్‌పోర్టు లేదు. శాశ్వత నివాసం అన్నమాటలో శాశ్వతం కూడా షరతుల మీద ఉన్నదే. దేశం దాటి వెళ్ళి మళ్ళీ రావాలంటే సింగపూర్ పీఆర్ ఉన్నవాడి దగ్గర రీఎంట్రీ పర్మిట్ ఉండాలి. అది గడువు దాటిపోయి, మనిషి బయటే ఉండిపోతే పీఆర్ కూడా పోతుంది.

కాబట్టి పీఆర్ వచ్చినవాడు ఇప్పటికీ భారతీయుడే. మళ్ళీ చెబుతున్నాను. పీఆర్ వచ్చినా భారతీయుడే. జేబులో ఉన్నది మన పాస్‌పోర్టే. గల్ఫ్‌లో అయితే మన కూలీలకి పీఆర్ అనేదే ఉండదు. ఇరవై ఏళ్ళున్నా పనిచేసే అనుమతి మీదే ఉంటారు. వాళ్ళకి ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

మరి భారతీయుడైనవాడికి పరాయి దేశంలో తన ప్రభుత్వం ఎక్కడుంటుంది? రాజధాని నగరంలో మన రాయబార కార్యాలయం ఉంటుంది. సింగపూర్, మలేషియా, ఆస్ట్రేలియా, కెనడా లాంటి కామన్వెల్త్ దేశాల్లో దాన్నే హైకమిషన్ అంటారు. దుబాయ్, సిడ్నీ, హ్యూస్టన్ లాంటి పెద్ద ఊళ్ళలో కాన్సులేటు ఉంటుంది. పేరు ఏదైనా పని ఒకటే. మనకి మండలాఫీసు ఎలాగో, వాళ్ళకి అది అలాగ.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. ఇంట్లో ఎవరిదైనా పాస్‌పోర్టు ఉంటే తీసి, ఆఖరి అట్ట దగ్గర చిన్న అక్షరాల్లో ఉన్న సూచనలు చదివించండి. ఈ పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని ఒకటి ఉంటుంది. దానితోపాటే, విదేశాల్లో నివసించే భారత పౌరులు దగ్గరలోని భారత కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలని సలహా కూడా కనబడుతుంది. ఏళ్ళ తరబడి మనవాళ్ళు ఆ పుస్తకాన్ని బీరువాలో చీరల కింద దాచారు గానీ, ఆ పేజీ చదవలేదు.

అది సలహాయే. మన చట్టం బలవంతం చెయ్యదు. రాయించుకోకపోతే జరిమానా లేదు. ఇటలీలాంటి దేశాలు మాత్రం తమ పౌరులకి దీన్ని తప్పనిసరి చేశాయి. జపాన్ పౌరుడు మూడు నెలలకి మించి విదేశంలో ఉంటే తమ కార్యాలయానికి చెప్పి తీరాలి. వాళ్ళకి చట్టం చెబుతోంది. మనకి మనమే చెప్పుకోవాలి.

ఎందుకు చెప్పుకోవాలి అంటారా? 2018 ఆఖరులో జరిగింది గుర్తు చేసుకోండి. గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకి వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు పాకిస్తాన్ వాళ్ళకి చిక్కారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశంలో ఇళ్ళకి ఇళ్ళే చీకటైపోయాయి. వాళ్ళ ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఏడాది పైన కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా గేటు దాటి వచ్చారు. వాళ్ళకీ పీఆర్‌కీ సంబంధం లేదు, నిజమే. కానీ ముడి ఒకటే. పరాయి దేశపు జైలు గోడ దగ్గర మన ప్రభుత్వం నిలబడి 'ఇతను మావాడే' అనాలి. ఆ మాట అనడానికి దాని దగ్గర పేరు ఉండాలి, ఊరు ఉండాలి, రుజువు ఉండాలి. 2008లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఏటా జనవరి 1న, జూలై 1న ఎవరి జైళ్ళలో ఎవరున్నారో జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ జాబితాలో పేరు కోసం మన తీరంలో తల్లులు ఎదురుచూశారు. కాగితం మీద పేరుకి ఉన్న విలువ మత్స్యలేశం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొక రోజు. 2024 జూన్ 12. కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులున్న భవనం తెల్లవారుజామున తగలబడింది. నలభై అయిదుమంది భారతీయులు పోయారు. అందులో మన శ్రీకాకుళం జిల్లా మనిషి కూడా ఉన్నారు. మృతదేహాల్ని వాయుసేన విమానంలో కొచ్చికి తెచ్చారు. ఆ రెండు రోజులూ కువైట్‌లో కొడుకున్న ప్రతి ఇంట్లో అన్నం ముట్టి ఉండరు. 'మావాడు ఆ బిల్డింగులో ఉన్నాడా లేడా' అన్న ఒక్క జవాబు కోసం కూర్చుని ఉంటారు.

కోవిడ్ రోజులు మరిచిపోలేం. 2020 మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. ఆ విమానం ఎక్కాలంటే ముందు అక్కడి మన కార్యాలయంలో పేరు నమోదై ఉండాలి. అంతకుముందు గడప తొక్కనివాళ్ళంతా ఒక్క వారంలో ఆ ఫారం కోసం పరిగెత్తారు.

మంచిరోజున చెప్పి ఉంచితే చెడ్డరోజున వెతుక్కుంటూ వస్తారు. ఇదీ నా మాట.

ఇప్పుడు పిల్లల సంగతి. ఇది చాలా ముఖ్యం. దయచేసి శ్రద్ధగా వినండి.

లడ్డూలు తెచ్చినాయన కొడుకు నా దగ్గర చదువుకున్నవాడే. ఆ తర్వాత వాడికి సింగపూర్లోనే పాప పుట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ మన పాస్‌పోర్టులవాళ్ళే. పది రోజులకి నాకు ఫోన్ చేశాడు. ఫోన్లో బర్త్ సర్టిఫికెట్ చూపించాడు. అందులో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. పుట్టిన సమయానికి ఈ బిడ్డ సింగపూర్ పౌరురాలు కాదు అని ఉంది. 'మాస్టారూ, మరైతే మా గుంట ఏ దేశం మనిషండీ?' అని అడిగాడు. గొంతు వణికింది. నేను చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను గానీ, ఎవరూ నన్ను అంత పెద్ద ప్రశ్న అడగలేదు.

సంగతి ఇది. పీఆర్ ఉన్నంతమాత్రాన సింగపూర్లో బిడ్డకి ఆ దేశపు పౌరసత్వం రాదు. మన చట్టం చూస్తే, విదేశంలో పుట్టిన బిడ్డ మన పౌరుడు కావాలంటే ఆ పుట్టుకని అక్కడి మన కార్యాలయంలో నమోదు చెయ్యాలి. 2004 డిసెంబరు 3 నుంచి అదే పద్ధతి. బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది లోపల చెయ్యాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. మళ్ళీ చెబుతున్నాను. విదేశంలో బిడ్డ పుడితే, ఏడాది లోపల, మన కార్యాలయంలో నమోదు.

వాడు మర్నాడే హైకమిషన్‌కి వెళ్ళాడు. కొన్నాళ్ళకి పాప పాస్‌పోర్టు ఫోటో పంపించాడు. కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టుంది పాప. పుట్టిన చోటు సింగపూర్. జాతీయత భారతీయ. తాతకి చూపిస్తే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

అందరికీ వచ్చే భయాలు కొన్ని ఉన్నాయి. పేరు రాయించుకుంటే పాస్‌పోర్టు లాక్కుంటారా? లాక్కోరు. పీఆర్ వచ్చిందని చెబితే పౌరసత్వం పోతుందా? పోదు. పౌరసత్వం పోయేది వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నప్పుడు. ఆ రోజున మన చట్టం ప్రకారం భారత పౌరసత్వం దానంతట అదే పోతుంది. అప్పుడు మన పాస్‌పోర్టు తిరిగి అప్పజెప్పాలి. దాచుకుని వాడితే నేరం. ఆ తర్వాత రాకపోకలకి ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, అంటే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు.

మన ఉద్దానంవాళ్ళు అడిగేది ఇంకొకటుంది. జీడితోట, కొబ్బరితోట ఏమవుతుంది? విదేశంలో స్థిరపడ్డవాడు తనకి ఉన్న తోట ఉంచుకోవచ్చు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చే తోటా వస్తుంది. కొత్తగా పొలం గానీ, తోట గానీ కొనడం మాత్రం కుదరదు. ఇల్లు కొనుక్కోవచ్చు. ఊళ్ళో బ్యాంకు ఖాతా సంగతి కూడా బ్యాంకువాళ్ళకి చెప్పి, ఎన్నారై ఖాతాగా మార్పించుకోవాలి. ఓటు కూడా పోదు. పాస్‌పోర్టులో ఉన్న సొంతూరి చిరునామా మీద ప్రవాస ఓటరుగా చేరవచ్చు. కాకపోతే పోలింగు రోజున ఊరికి వచ్చి వెయ్యాలి.

మరి పేరు రాయించుకోవడం ఎలాగ? ఆ దేశంలోని మన కార్యాలయం వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. పేరు, పాస్‌పోర్టు నంబరు, అక్కడి చిరునామా, అక్కడి ఫోను. అన్నిటికంటే ముఖ్యం, ఊళ్ళో మీ ఫోను నంబరు. ఇల్లు మారితే మళ్ళీ చెప్పాలి. పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటే మళ్ళీ చెప్పాలి. దళారీ అక్కర్లేదు. వెబ్‌సైట్ పేరు చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోమనండి. రాయబార కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు పంపండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పంపొద్దు. అది మోసం.

ఇక్కడున్న మీకూ ఒక దారి ఉంది. అక్కడ మనవాడికి జీతం ఇవ్వకపోయినా, ఆచూకీ లేకపోయినా, జరగరానిది జరిగినా, మదద్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటివాళ్ళే ఫిర్యాదు పెట్టవచ్చు. 2015 నుంచి ఉంది. కష్టంలో పడ్డవాళ్ళకి సాయం చెయ్యడానికి మన కార్యాలయాల దగ్గర సంక్షేమ నిధి కూడా ఉంది. మా నాయనమ్మకి పోస్టుమాన్ ఒక్కడే దిక్కు. మీకు అంత కష్టం లేదు.

ఆ లక్క పెట్టె ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. రంగు వెలిసింది. మూత సరిగ్గా పడదు. అందులో నేను మా ఇంటివాళ్ళ పాస్‌పోర్టు నకళ్ళు పెట్టాను. విదేశంలో ఉన్న మా పిల్లల చిరునామాలు, అక్కడి మన కార్యాలయం ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టాను. మీరూ అలాంటి కాగితం ఒకటి రాసి పెట్టుకోండి. దేవుడి పటం వెనకైనా సరే.

అమ్మలారా, అయ్యలారా. ఈ రాత్రి మీవాడు ఫోన్ చేస్తాడు. తిన్నావా అని అడుగుతారు. ఒంట్లో బాగుందా అని అడుగుతారు. ఆ రెండూ అడిగాక, ఈ మూడోది కూడా అడగండి. 'బావూ, అక్కడ మన ఆఫీసులో పేరు రాయించుకున్నావా?' లేదంటే, రాయించుకునేదాకా రోజూ అడగండి.